మూడొందల రబ్బరు ముక్క: కెమెరా ఐకప్ ఎలా సెలెక్ట్ చేసుకోవాలి?

ఈరోజు ఎపిసోడ్ కొత్త కెమెరా గురించి కాదు, కొత్త లెన్స్ గురించి కూడా కాదు. ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ చిన్న నల్ల రబ్బరు ముక్క గురించి. దీన్నే ఐకప్ అంటారు. కెమెరా వెనక వ్యూఫైండర్ చుట్టూ, మనం కన్ను ఆనించే చోట ఉంటుంది.

"ఒక రబ్బరు ముక్కకి ఎపిసోడ్ ఏంటి బ్రో?" అనుకుంటున్నారా? నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. పోయిన వారం నా పాత ఆఫీస్ టీమ్‌మేట్ ఒకడు ఫోన్ చేశాడు. సెకండ్ హ్యాండ్‌లో సోనీ ఆల్ఫా 7 మార్క్ 3 కొన్నాడు. బాడీ బాగుంది, షట్టర్ కౌంట్ తక్కువ, కానీ ఐకప్ చిరిగిపోయి ఉంది. అమ్మినాయన "అదేముంది అన్నా, ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి దొరుకుద్ది, పెట్టేసుకో" అన్నాడట. వీడు ఓపెన్ చేసి చూస్తే ఇరవై రకాలు కనిపించాయి. గుండ్రంగా ఒకటి, చెవి ఆకారంలో ఒకటి, లోతుగా ఒకటి. "ఏది తీసుకోవాల్రా?" అని అడిగాడు. "ఏదైనా ఒకటే" అని నేను చెప్పలేకపోయాను. ఎందుకంటే ఈ రబ్బరు ముక్క లేక నేను ఒక ఫోటో పోగొట్టుకున్నాను. ముందు అది చెప్తాను, తర్వాత టెక్నికల్ విషయానికి వద్దాం.

మాది అమలాపురం దగ్గర ఒక ఊరు. రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో మా తాతయ్యకి సహస్ర చంద్ర దర్శనం చేశారు. వెయ్యి పున్నములు చూసిన పెద్దవాళ్లకి చేసే వేడుక అన్నమాట. నేను హైదరాబాద్ నుంచి నైట్ బస్సులో వెళ్లాను. కెమెరాని బ్యాగులో చార్జర్, బట్టలు, లెన్స్‌లతో కలిపి కుక్కేశాను. పొద్దున్న ఊళ్లో దిగి తీసి చూస్తే ఐకప్ లేదు. ఎక్కడ ఊడి పడిపోయిందో తెలియదు. తప్పు పూర్తిగా నాదే. "రబ్బరే కదా, ఫోటోకి దానికి సంబంధం ఏముంది?" అనుకుని వదిలేశాను.

ఇంట్లో పూజ దగ్గర వెలుతురు తక్కువ. మాన్యువల్ మోడ్‌లో షట్టర్ స్పీడ్ 1/30 పెట్టి, ఐఎస్ఓ ఆటోలో వదిలి తీశాను. అవి బానే వచ్చాయి. మధ్యాహ్నం పన్నెండున్నరకి బయట తాటాకు పందిరి కింద నాలుగు తరాల ఫోటో. తాతయ్య, అమ్మ, అక్క, అక్క ఒళ్లో ఎనిమిది నెలల పాప. వాళ్లు నీడలో ఉన్నారు, నేను పందిరి బయట ఎండలో నిలబడ్డాను. ఎండ నా భుజం మీంచి వచ్చి నేరుగా వ్యూఫైండర్ మీద పడుతోంది. నాకు కళ్లజోడు కూడా ఉంది. లోపల బొమ్మ మసకగా, పాలు కలిపినట్టు కనిపిస్తోంది. కింద ఉండే నంబర్లు అసలు కనిపించడం లేదు.

తాతయ్య నా అవస్థ చూసి, "ఒరేయ్, మా కాలంలో స్టూడియో ఆయన నల్లగుడ్డ కప్పుకుని తీసేవాడురా. ఇదిగో, ఈ కండువా కప్పుకో" అని భుజం మీది కండువా తీసి ఇవ్వబోయారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. "అది పాత కెమెరాలకి తాతయ్యా, ఇది మిర్రర్‌లెస్" అన్నాను. గ్రూప్ ఫోటో కదా అని అపర్చర్ ఎఫ్8కి మార్చాను. షట్టర్ స్పీడ్ మాత్రం 1/30 లోనే ఉండిపోయింది. ఐఎస్ఓ ఆటో కాబట్టి తనంతట తనే 100కి దిగింది, ఎక్స్‌పోజర్ కరెక్ట్‌గానే వచ్చింది. అందుకే నాకు అనుమానం రాలేదు. వెనక స్క్రీన్ మీద చూస్తే ఆ ఎండలో అదీ సరిగ్గా కనపడలేదు. "సూపర్ వచ్చింది" అనేశాను.

రాత్రి ల్యాప్‌టాప్‌లో వేసి చూస్తే పాప కదిలింది, తాతయ్య పాప వైపు తల తిప్పారు. ఇద్దరి మొహాలూ సాగిపోయినట్టు బ్లర్. ఎనిమిది ఫ్రేములు తీస్తే ఎనిమిదీ అంతే. మర్నాడు పొద్దున్నే అక్కావాళ్లు బెంగళూరు వెళ్లిపోయారు. "సంక్రాంతికి మళ్లీ తీద్దాంలే" అనుకున్నాం. ఆ కార్తీకంలో తాతయ్య పోయారు. ఆ నలుగురూ ఒకే ఫ్రేములో ఉన్న ఫోటో ఇంకొకటి లేదు.

తప్పు ఐకప్ లేకపోవడానిది అని నేను అనను. షట్టర్ స్పీడ్ చూసుకోకపోవడం నా తప్పు. కానీ అది చూసుకోవడానికే కదా వ్యూఫైండర్ ఉన్నది! అందులో నాకేమీ కనపడనప్పుడు ఆగి, నీడలోకి జరిగి, సెట్టింగ్ ఒకసారి చెక్ చేసుకుని ఉండాల్సింది.

సరే, ఇప్పుడు అసలు విషయం. ఐకప్ ఏం పని చేస్తుంది?

మిర్రర్‌లెస్ కెమెరా వ్యూఫైండర్‌లో మీరు చూసేది ఒక చిన్న స్క్రీన్. ఆల్ఫా 7 మార్క్ 3లో అయితే అర అంగుళం ఓఎల్ఈడీ ప్యానెల్, దాదాపు 23 లక్షల 60 వేల డాట్స్, 0.78 మ్యాగ్నిఫికేషన్. దాని ముందు ఒక భూతద్దం లాంటి లెన్స్ ఉంటుంది. పక్కనుంచి వెలుతురు లోపలికి వస్తే రెండు జరుగుతాయి. ఒకటి, ఆ లెన్స్ అద్దం మీదా, మీ కళ్లజోడు మీదా రిఫ్లెక్షన్ పడి బొమ్మలో కాంట్రాస్ట్ పోతుంది. రెండు, ఎండకి మీ కంటిపాప చిన్నదైపోతుంది కాబట్టి లోపలి స్క్రీన్ ఇంకా చీకటిగా కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం రోడ్డు మీద ఫోన్ స్క్రీన్ చూసినట్టే. ఫోన్ మీద మనం చెయ్యి అడ్డం పెట్టుకుంటాం కదా, కెమెరాకి ఆ చెయ్యే ఐకప్.

ఒక చిన్న అపోహ కూడా క్లియర్ చేస్తాను. పాత డీఎస్ఎల్ఆర్‌లలో వెనక నుంచి వ్యూఫైండర్‌లోకి వెలుతురు వెళ్తే మీటరింగ్ తప్పేది. అందుకే కొన్ని కెమెరాల స్ట్రాప్‌కే ఒక రబ్బరు మూత ఉండేది. మిర్రర్‌లెస్‌లో ఆ సమస్య లేదు, కొలిచేది సెన్సరే. ఐకప్ లేకపోయినా కెమెరా లెక్క తప్పదు, తప్పేది మన చూపు.

ఐకప్‌కి ఇంకో పని కూడా ఉంది. కళ్లజోడు ఉన్నవాళ్లు ఇది జాగ్రత్తగా వినండి. ఐకప్ తీసేస్తే వ్యూఫైండర్ చుట్టూ గట్టి ప్లాస్టిక్ అంచు ఉంటుంది. దానికి మీ అద్దాలు రోజూ రాసుకుంటే గీతలు పడతాయి. ఆ ఫంక్షన్ తర్వాత నెలరోజులు ఐకప్ లేకుండా వాడాను, నా కుడి అద్దం మధ్యలో గీత పడింది. కొత్త అద్దాలకి పెట్టిన డబ్బుతో ఐకప్‌లు నాలుగైదు వచ్చేవి.

ఇప్పుడు కొనేముందు వేసుకోవాల్సిన ప్రశ్నలు చూద్దాం.

మొదటి ప్రశ్న: మీ కెమెరాకి ఏ కోడ్ సరిపోతుంది? ఐకప్‌లకి యూనివర్సల్ సైజు ఉండదు. ఒకే కంపెనీలో కూడా మోడల్‌ని బట్టి మారిపోతుంది. ఆల్ఫా 7 మార్క్ 3, ఆల్ఫా 7ఆర్ మార్క్ 3, ఆల్ఫా 9లకి ఎఫ్‌డీఏ-ఈపీ18. దాని తర్వాత వచ్చిన ఆల్ఫా 7 మార్క్ 4, ఆల్ఫా 7ఎస్ మార్క్ 3, ఆల్ఫా 1లకి ఈపీ19. ఆల్ఫా 6000, 6300 ఉన్నవాళ్లకి ఈపీ10. ఆల్ఫా 6400, 6500లకి ఈపీ17. నికాన్ జడ్6, జడ్7 అయితే డీకే-29, జడ్50 అయితే డీకే-30. ఫుజీ ఎక్స్-టీ2, ఎక్స్-టీ3 వాడేవాళ్లకి పొడుగ్గా ఉండే ఈసీ-ఎక్స్‌టీ ఎల్ అని విడిగా ఒకటి ఉంది. కాబట్టి "సోనీ ఐకప్" అని సెర్చ్ చేయకండి, కోడ్‌తో సెర్చ్ చేయండి. వేరే కంపెనీలు తయారుచేసేవి కూడా "ఫలానా కోడ్‌కి బదులు" అనే రాస్తాయి. ఇంకో మాట, కొన్ని కెమెరాలకి ఐకప్ ఊడి రాదు. మాన్యువల్‌లో ఒకసారి చూసుకోకుండా లాగకండి. జడ్‌వీ-ఈ10 వాడే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు అసలు వ్యూఫైండరే లేదు, మీరు హ్యాపీగా ఉండండి.

రెండో ప్రశ్న: కళ్లజోడు ఉందా? అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. స్పెసిఫికేషన్స్‌లో ఐ పాయింట్ అని ఒక నంబర్ ఉంటుంది. కన్ను ఎంత దూరంలో ఉన్నా మొత్తం ఫ్రేమ్, నాలుగు మూలలూ కనిపిస్తాయో చెప్పే దూరం అది. ఆల్ఫా 7 మార్క్ 3లో ఐపీస్ లెన్స్ నుంచి సుమారు 23 మిల్లీమీటర్లు, వ్యూఫైండర్ ఫ్రేమ్ నుంచి 18.5 మిల్లీమీటర్లు. ఇప్పుడు లెక్క వేద్దాం. కళ్లజోడు అద్దానికీ కంటికీ మధ్య మామూలుగా 12 నుంచి 14 మిల్లీమీటర్లు ఉంటుంది. అద్దం మందం ఇంకో రెండు అనుకోండి. 18.5లోంచి ఇవి తీసేస్తే మిగిలేది రెండున్నర నుంచి నాలుగున్నర మిల్లీమీటర్లు. ఐకప్ మందం అంతా ఆ గ్యాప్‌లోనే పట్టాలి. అంతకన్నా లోతైన ఐకప్ పెడితే కన్ను వెనక్కి జరుగుతుంది, మూలలు కట్ అవుతాయి. షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ నంబర్లు ఉండేది సరిగ్గా ఆ అంచుల్లోనే!

అందుకే కళ్లజోడు ఉన్నవాళ్లకి నా సలహా: లోతు తక్కువ, మెత్తదనం ఎక్కువ ఉన్నది తీసుకోండి. అద్దాన్ని ఆనిస్తే అణిగిపోవాలి. కళ్లజోడు లేనివాళ్లకి దీనికి రివర్స్. చెంపకి, కనుబొమ్మకి ఆని చుట్టూ మూసేసే లోతైన ఐకప్ వాళ్లకి బాగుంటుంది. హుడ్‌మ్యాన్ లాంటి కంపెనీ కళ్లజోడు వాళ్ల కోసం విడిగా ఐకప్ మోడల్ చేసిందంటే కారణం ఇదే.

"కళ్లజోడు తీసేసి చూడొచ్చు కదా?" అంటారేమో. చూడొచ్చు. వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఉంటుంది, డయాప్టర్ అంటారు. ఈ కెమెరాలో మైనస్ 4 నుంచి ప్లస్ 3 వరకు తిప్పుకోవచ్చు. మీ పవర్ ఆ మధ్యలో ఉంటే కళ్లజోడు లేకుండానే క్లియర్‌గా కనిపిస్తుంది. కానీ మీ ప్రిస్క్రిప్షన్‌లో సిలిండర్ పవర్ ఉంటే డయాప్టర్ దాన్ని సరిచేయలేదు. నాకు సిలిండర్ ఉంది, అందుకే నాకు ఆ దారి లేదు. పైగా ఫంక్షన్లలో మాటిమాటికీ కళ్లజోడు తీసి పెట్టుకుంటుంటే మధ్యలో మంచి మూమెంట్ పోతుంది.

మూడో ప్రశ్న: మీరు ఏ కంటితో చూస్తారు? చెవి ఆకారంలో ఒక పక్కకి సాగిన ఐకప్‌లు ఉంటాయి కదా, వాటిలో ఎక్కువ కుడికంటి వాళ్లని దృష్టిలో పెట్టుకుని చేసినవే. ఎడమ కంటితో చూసేవాళ్లు అయితే తిప్పి పెట్టుకునే వీలున్నది గానీ, రెండు పక్కలా ఒకేలా ఉన్నది గానీ తీసుకోండి. ఎడమ కన్ను వాళ్లకి ఇంకో తలనొప్పి, ముక్కు వెళ్లి టచ్ స్క్రీన్ కుడి సగం మీద ఆనుతుంది. ఫోకస్ పాయింట్ దానంతట అదే పరిగెడుతుంది. మెనూలో టచ్ ప్యాడ్ ఏరియా మార్చుకోండి, లేదంటే టచ్ ఆపేయండి.

నాలుగో ప్రశ్న: స్క్రీన్‌కి, ఫ్లాష్‌కి అడ్డం వస్తుందా? ఆల్ఫా 7 మార్క్ 3 స్క్రీన్ పైకి తిరుగుతుంది. పెద్ద ఐకప్ పెడితే కెమెరా కింద పట్టుకుని పైనుంచి చూసేటప్పుడు అది స్క్రీన్ మీదికి వచ్చేస్తుంది. పైన షూలో ఫ్లాష్ గానీ మైక్ గానీ పెట్టేటప్పుడు ఐకప్ తీసేయమని ఆ కెమెరా గైడ్‌లోనే ఉంది. తీసి జేబులో పెట్టుకుంటాం, జేబులోంచి అది ఎక్కడికో పోతుంది. తీసినప్పుడు బ్యాగులో ఒకే జిప్పు అరలో పెట్టే అలవాటు చేసుకోండి.

ఐదో ప్రశ్న: ఐ సెన్సర్‌ని మూసేస్తుందా? మీరు కన్ను పెట్టగానే వెనక స్క్రీన్ ఆగి వ్యూఫైండర్ వెలుగుతుంది కదా. ఆ పని చేసే సెన్సర్ వ్యూఫైండర్ దగ్గరే ఉంటుంది. ఐకప్ రబ్బరు వేలాడి దానికి అడ్డం వస్తే కెమెరా "కన్ను పెట్టేశారు" అనుకుని స్క్రీన్ ఆపేస్తుంది. కెమెరా పాడైందని చాలామంది సర్వీస్ సెంటర్‌కి బయల్దేరతారు. ఆగండి, ముందు ఐకప్ తీసి చూడండి. అర్జెంట్ అయితే ఫైండర్/మానిటర్ సెట్టింగ్‌ని ఆటోలోంచి మాన్యువల్‌కి మార్చుకోవచ్చు.

ఇప్పుడు నేను వాడినవి చెప్తాను. మొదట చేసింది ఇంజినీరింగ్ తెలివి. సైకిల్ ట్యూబ్ కోసి, ఉంగరంలా చేసి వ్యూఫైండర్ చుట్టూ తొడిగాను. బీటెక్ చదివింది ఇందుకే అనిపించింది. పది నిమిషాల్లో అది జారి ఐ సెన్సర్ మీద పడింది, స్క్రీన్ బ్లాక్. పైగా కంటి చుట్టూ నల్లగా అంటుకుంది. అమ్మమ్మ చూసి "కాటుక పెట్టుకున్నావేంట్రా?" అంది.

రెండోది, ఆన్‌లైన్‌లో మూడొందలకి తీసుకున్న లోతైన సిలికాన్ ఐకప్. మెత్తగా బాగుంది. కళ్లజోడు తీసి చూస్తే చుట్టూ చీకటి, సినిమా హాల్లో కూర్చున్నట్టు ఉంది. కానీ కళ్లజోడు పెట్టుకుంటే మూలలు కనపడలేదు. అది చెడ్డదని కాదు, నాకు సరిపడదు. దాన్ని కళ్లజోడు లేని మా కజిన్‌కి ఇచ్చేశాను, వాడు ఈరోజుకీ వాడుతున్నాడు. సిలికాన్‌తో ఒక చిన్న ఇబ్బంది ఏంటంటే దుమ్ము బాగా పడుతుంది, తరచూ కడగాలి.

మూడోది, ఈపీ18 కంపెనీదే. దానికి ఇంకొంచెం ఎక్కువ పెట్టాను. లోతు మరీ ఎక్కువ కాదు, కళ్లజోడుతో నంబర్లన్నీ కనిపిస్తున్నాయి. పక్కనుంచి వెలుతురు పూర్తిగా ఆగదు, అది నిజం. ఎండ మరీ ఎక్కువగా ఉంటే ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుంటాను. ఇప్పుడు నా కెమెరాకి ఉన్నది ఇదే. నేను కొన్న రేట్లు చెప్పాను అంతే, మీరు చూసేసరికి మారి ఉండొచ్చు.

కొన్నాక చేయాల్సిన టెస్ట్ ఒకటుంది. కెమెరాకి బిగించి, మీరు రోజూ పెట్టుకునే కళ్లజోడుతోనే మధ్యాహ్నం డాబా మీదికి వెళ్లండి. ఎండ వెనక నుంచి పడేలా నిలబడండి. నాలుగు మూలలూ కనిపిస్తున్నాయా? షట్టర్ స్పీడ్ నంబర్ చదవగలుగుతున్నారా? బ్యాగులో పెట్టి తీసినప్పుడు ఊడుతోందా? ఈ మూడింటికీ జవాబు సరిగ్గా వస్తేనే ఉంచుకోండి, లేకపోతే రిటర్న్ గడువులోపే పంపించేయండి.

జాగ్రత్తలు కూడా రెండు ముక్కల్లో చెప్తాను. చెమట, సన్‌స్క్రీన్, తలనూనె రబ్బరుని మెల్లగా తినేస్తాయి. వారానికోసారి ఐకప్ తీసి, కొంచెం సబ్బు నీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టండి. శానిటైజర్ వాడొద్దు. దోమల క్రీముల్లో డీట్ అనే కెమికల్ ఉన్నవి కొన్ని రకాల ప్లాస్టిక్‌ని, సింథటిక్ రబ్బరుని పాడుచేస్తాయి. అది రాసుకున్న చేత్తో కెమెరా ముట్టుకోవద్దు. అన్నిటికన్నా ముఖ్యమైనది, వ్యూఫైండర్‌ని ఎండవైపు పెట్టి కెమెరాని టేబుల్ మీద గానీ, కారు డ్యాష్‌బోర్డ్ మీద గానీ వదలొద్దు. అది భూతద్దం అని చెప్పాను కదా, ఎండని లోపలి ప్యానెల్ మీదికి గుచ్చినట్టు పంపిస్తుంది. కాగితం కాల్చిన చిన్నప్పటి ఆట గుర్తుందా? అదే. ఐకప్ ఉన్నా అది ఆపలేదు.

సో, మా ఫ్రెండ్‌కి నేను చెప్పిన జవాబు ఇది. "నీకు కళ్లజోడు ఉంది, కుడి కన్ను, పెళ్లిళ్లకి ఫ్లాష్ వాడతావ్. కోడ్ చూసి ఈపీ18 తీసుకో, లోతైనది వద్దు. రెండు కొని ఒకటి బ్యాగులో పెట్టుకో." వాడు రెండూ ఆర్డర్ పెట్టేశాడు.

నా బ్యాగులో కూడా స్పేర్ ఒకటి ఉంటుంది. దాంతోపాటు తాతయ్య కండువా కూడా. అమ్మమ్మే ఇచ్చింది. మొన్న మా ఊరి తీర్థంలో మిట్టమధ్యాహ్నం ఆ కండువా తలమీద కప్పుకుని తీశాను. పిల్లలు చుట్టూ చేరి నవ్వారు. నవ్వితే నవ్వారు, నంబర్లన్నీ స్పష్టంగా కనిపించాయి. షట్టర్ స్పీడ్ 1/500.

ఆ బ్లర్ ఫోటో ఏమైందంటారా? డిలీట్ చేద్దామనుకున్నాను. అమ్మమ్మ ఒప్పుకోలేదు. ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టింది. ఎవరైనా "ఇదేంటి, ఇలా వచ్చింది?" అంటే "పాప కదిలింది, ఆయన పాపని చూశారు" అంటుంది. అంతే. నా తప్పు సంగతి ఎప్పుడూ ఎత్తదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోటో తీయాల్సింది ఉంటే సంక్రాంతి దాకా ఆగకండి. ఈ ఆదివారమే తీయండి. తీసేముందు కెమెరా అయినా, ఫోన్ అయినా, ఒక్క క్షణం నీడలోకి జరిగి సెట్టింగ్స్ చూసుకోండి. తీశాక జూమ్ చేసి మొహాలు చూసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో మెమరీ కార్డులు, బ్యాకప్ గురించి మాట్లాడుకుందాం.